చిల్లుల గీత

నా ఇంటిపేరు అమిస్తోసో. స్నేహంగా ఉండేవాళ్ళు అని దాని అర్థం. నా క్లాసులో కూర్చున్న పిల్లలు మాత్రం చాటుగా నన్ను "చిల్లుల మేడమ్" అనేవారు. నాకు తెలుసు. తెలిసీ కోప్పడలేదు, ఎందుకంటే ఆ పేరు పలికేటప్పుడు వాళ్ళ గొంతులో కాస్త భయం ఉండేది, ఆ భయం నాకు బాగుండేది. ముందే చెబుతున్నాను, ఈ కథలో నేను మంచిదాన్ని కాను. చివరికైనా మంచిదాన్నవుతానేమోనని ఎదురుచూడకండి.

సమార్ దీవి తీరంలో చేపలరేవు పక్కనే మా ప్రభుత్వ విశ్వవిద్యాలయం. అక్కడ ముప్పయ్యొక్క ఏళ్ళుగా గణాంకశాస్త్రం చెబుతున్నాను. మొదటేడు పిల్లలందరికీ అది తప్పనిసరి. దానికొక పుస్తకం రాశాను, పద్నాలుగు పాఠాలు. ప్రతి పాఠం చివరా ఒక అభ్యాసం పేజీ. ఆ పేజీ అంచున అచ్చాఫీసువాళ్ళు వరసగా సన్నటి చిల్లులు పొడిచేవారు, రసీదు పుస్తకాల్లో ఉంటాయే, అలాంటివి. పిల్లలు జవాబులు రాసి, ఆ చిల్లుల గీత వెంట పేజీ చింపి నా చేతికివ్వాలి. చింపాక ఆ పుస్తకం చెల్లెలికి పనికిరాదు, పక్కింటివాడికీ పనికిరాదు. ఏటేటా ఎవరి పుస్తకం వాళ్ళు కొత్తది కొనాల్సిందే. జిరాక్సు తెస్తే? దానికి చిల్లులుండవు. "చిల్లుల్లేని పేజీ నా బల్ల మీదికి రాకూడదు" అని మొదటి రోజే చెప్పేదాన్ని. లైబ్రరీకి సైతం ఒక్క ప్రతి ఇవ్వలేదు, అక్కడ కూర్చుని చూసి రాసుకుంటారని. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని. ఆ డబ్బుతో ఇంటికి కొత్త రేకులు వేయించాను. పదకొండేళ్ళ కిందటి పెద్ద తుఫానులో ఆ రేకులన్నీ కొబ్బరితోటల మీదుగా ఎగిరిపోయాయి. ఎక్కడ పడ్డాయో ఇప్పటికీ తెలియదు.

పోయిన ఏడాది జూన్‌లో డీన్ రుపెర్తో లగాదో నా గదికి వచ్చాడు. ఒకప్పుడు నా విద్యార్థే. నా పుస్తకంలోంచి పద్నాలుగు పేజీలు చింపి ఇచ్చినవాడే.

"మేడమ్, రాజధాని మనీలా నుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలన్నీ మొదటేడు పాఠ్యపుస్తకాలను తెరిచిపెట్టాలట."

"తెరిచిపెట్టడమేమిటి నాయనా? మూసిపెట్టి ఎవరైనా చదువుతారా?"

"అంటే ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. నకలు తీసుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, మన వరాయ్ భాషలోకి తిప్పుకోవచ్చు, తప్పుంటే దిద్దుకోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు. ఎవరి చేతి పనో ఆ పేర్లు చెబితే చాలు."

"బాగుంది. రాసినవాడు ఇక రేవులో వల లాగాలి కాబోలు."

"రాసినవాళ్ళను ఊరికే వదలరు మేడమ్. వారానికి మూడు గంటల పాఠాలు తగ్గిస్తారు. పదోన్నతి లెక్కలో అచ్చయిన గ్రంథంతో సమానంగా చూస్తారు." అతను కాగితం మడతపెట్టాడు. "ఫీజులు మాఫీ చేశాక కూడా పిల్లలు మానేస్తూనే ఉన్నారట. ఎందుకు మానేశారని అడిగితే చాలామంది పుస్తకాలని చెప్పారట. అందుకే ఈ ఉత్తర్వు."

"నా పుస్తకం అంత ఖరీదేం ఉండేది కాదు" అన్నాను.

"మీ పుస్తకమని నేననలేదే!" అన్నాడు రుపెర్తో. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని.

అప్పటికి నాకు ఇంకో పది నెలల్లో రిటైర్మెంటు. ప్రొఫెసర్ హోదాకు ఒక్క మెట్టు కింద ఆగిపోయి పదకొండేళ్ళు. ఆ ఒక్క మెట్టూ ఎక్కితే గది తలుపు మీద పేరు మారుతుంది, రిటైర్మెంటు సభలో పిలిచే పిలుపు మారుతుంది. పిల్లల మీద ప్రేమతో ఒప్పుకున్నానని మీరు అనుకుంటే నాకే నవ్వొస్తుంది. ఆ మెట్టు కోసం ఒప్పుకున్నాను.

తీరా చూస్తే పుస్తకమే లేదు. నా కంప్యూటరు తుఫాను నీళ్ళలో మునిగింది, అచ్చాఫీసు ఆ తుఫానుతోనే మూతపడింది, అప్పటినుంచి బోర్డు మీదే పాఠం నడుపుతున్నాను. నా దగ్గరున్న ప్రతులు ముద్దయిపోతే నేనే పారేశాను. సరే, పాత విద్యార్థులు వందలమంది ఉన్నారు కదా, ఎవరో ఒకరి దగ్గర ఉండకపోదని రుపెర్తో ఇంటర్నెట్‌లో కాలేజీ పేజీ మీద ప్రకటన పెట్టాడు. "అమిస్తోసో మేడమ్ పుస్తకం పూర్తి ప్రతి ఎవరి దగ్గరైనా ఉందా?"

రెండు రోజుల్లో రెండు వందల పైచిలుకు జవాబులు వచ్చాయి. రుపెర్తో చదువుతూ పెదాలు బిగపట్టుకున్నాడు.

"అట్ట ఉంది మేడమ్. పేజీలు మీ దగ్గరే ఉండాలి, నేనే చింపి ఇచ్చాను."

"నా దగ్గరున్నది సరిగ్గా సగం. మిగతా సగం మేడమ్ తిన్నారు."

"మా ఇంట్లో ముగ్గురం చదివాం, మూడు పుస్తకాలున్నాయి. మూడింటికీ పళ్ళు రాలిపోయాయి."

నేనూ నవ్వినట్టు మొహం పెట్టాను. తాను తీసిన గోతిలో తానే పడడమంటే ఇదే. ఇన్ని వందల పుస్తకాలు అమ్మి, ఒక్కటంటే ఒక్కటి చెక్కుచెదరకుండా మిగలకుండా చేసింది నేనే. ఆ చివర, నవ్వు బొమ్మ ఏదీ లేకుండా ఒక జవాబు ఉంది. "మిరసోల్ సబులావ్‌ని అడగండి. ఆమెది మేడమ్ తీసుకోలేదు కదా."

"ఎవరీ మిరసోల్?" అన్నాడు రుపెర్తో.

"ఏమో, గుర్తులేదు" అన్నాను. గుర్తులేకపోవడమా!

పన్నెండేళ్ళ కిందటి మాట. మొదటి అభ్యాసం పేజీలు నా కళ్ళ ముందే చింపించాలని, పుస్తకాలు ఆ పేజీ దగ్గర తెరిపించి బల్ల మీద పెట్టించాను. ఒకదానిలో పేజీ అంచు వేలికి వేరుగా తగిలింది. అచ్చాఫీసు చిల్లులు సన్నటి గాట్లలా ఉండేవి. ఇవి గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. కాగితమూ వేరు, గీతల పుస్తకంలోది. ఎవరిదని అడిగితే మూడో వరసలోంచి సన్నటి పిల్ల లేచి నిలబడింది. దగ్గరికి రమ్మన్నాను. వచ్చింది. పుస్తకం తిరగేశాను. నూటపన్నెండు పేజీలూ నీలం సిరాతో చేత్తో రాసుకుంది. పట్టికలు స్కేలుతో గీసుకుంది. పిచ్చిపిల్ల, అట్ట మీద నేను వేయించిన హెచ్చరికను కూడా వదలకుండా ఎక్కించింది. "ఈ పుస్తకానికి నకలు తీయడం నేరం."

ఆ వాక్యం దానిచేతే పైకి చదివించాను. తర్వాత ఆ పేజీని పుస్తకంతో సహా కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టాను. చిల్లుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా వచ్చింది. "చూడండర్రా, సబులావ్ గారి అచ్చాఫీసు! ఏమ్మా, మీ ప్రెస్సులో పెళ్ళికార్డులు కూడా వేస్తారా?" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ పిల్ల మాత్రం, అడిగిన ప్రశ్నకు జవాబు చెబుతున్నట్టు, "మా అమ్మ కుట్టుమిషను మీద వేసింది మేడమ్. దారం ఎక్కించకుండా" అంది. వాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. "నేను తీసుకోను" అని పుస్తకం వెనక్కిచ్చాను. పద్నాలుగు అభ్యాసాలకూ సున్నాలు వేస్తానని అక్కడికక్కడే చెప్పాను. ఇంకో మూడు వారాలు వచ్చినట్టుంది. తర్వాత రాలేదు. హాజరులో మూడుసార్లు పేరు పిలిచి, కొట్టేశాను. ఆ పూట ఇంట్లో ఏం తిన్నానో గుర్తులేదు. అంటే హాయిగానే తిన్నానన్నమాట.

మిరసోల్ దుకాణం కనుక్కోవడం కష్టం కాలేదు. సంత చివర, ఎండుచేపల కొట్ల పక్కన, స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణం. పుస్తకం అడగడానికి మొహం చెల్లక, దారిలో రెండు గజాల పూల గుడ్డ కొన్నాను. చూడండి నా ధైర్యం.

మెడలో టేపు వేసుకుని ఆమె లేచింది. ముప్పయ్యేళ్ళుంటాయి. అదే సన్నటి మనిషి. "రండి మేడమ్" అంది. ఆశ్చర్యమూ లేదు, కోపమూ లేదు.

"గౌను కుట్టించుకోవాలమ్మా. రిటైర్మెంటు సభ ఉంది."

"చేతులెత్తండి."

చేతులెత్తి నిలబడ్డాను, పోలీసులకు దొరికిన దొంగలాగ. ఆమె నా నడుము చుట్టూ టేపు తిప్పుతుండగా మూలన పాత తొక్కుడు మిషను దగ్గర కూర్చుని ఉన్న ముసలామె తల తిప్పింది. కళ్ళ మీద తెల్లటి పొర. "ఎవరే వచ్చింది?"

"అమిస్తోసో మేడమ్, అమ్మా. కాలేజీ మేడమ్."

ముసలామె మొహం విప్పారింది. "ఎవరూ, ఆ మేడమేనా? నా చిల్లుల్ని మెచ్చుకున్న తల్లి మీరేనా! రండి రండి, కూర్చోండి. ఒసే మిరసోల్, ఆ సుమన్ అన్నం ముద్ద అరటాకు విప్పి పెట్టవే, మేడమ్‌కి కాఫీ కలుపు."

నా నడుము దగ్గర టేపు ఆగిపోయింది. మిరసోల్ నా కళ్ళలోకి ఒక్కసారి చూసింది. వద్దు అన్నట్టు చూసింది.

"అమ్మా, కొలతలు తప్పిపోతాయి. కాసేపు మాట్లాడకు."

"నేను మాట్లాడితే నీ చేతికేమైందే? మేడమ్, అచ్చాఫీసు చిల్లుల కన్నా ఇవే బాగున్నాయన్నారటగా! కిటికీ దగ్గర ఎత్తి పట్టి, క్లాసంతటికీ చూపించారటగా! ఇది ఆ రోజు ఇంటికొచ్చి చెబితే నాకు ఆకలే వేయలేదు, కడుపు నిండిపోయింది."

కిటికీ దగ్గర ఎత్తి పట్టిన మాట నిజం. క్లాసంతటికీ చూపించిన మాటా నిజం. నాకు తల కొట్టేసినట్టయింది. "ఆ... అవునమ్మా" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. సుమన్ తిన్నాను. కొబ్బరిపాలతో వండిన మెత్తటి అన్నం, నోట్లో పెడితే కరిగిపోవాలి. నాకు మాత్రం గొంతులో ముద్దగా నిలబడిపోయింది, మింగలేను, కక్కలేను. పుస్తకం ఊసెత్తకుండానే బయటపడ్డాను. వెనకనుంచి ఆ ముసలామె, "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి మేడమ్" అంటూనే ఉంది.

వారం తర్వాత గౌను సరిచూసుకోవడానికి రమ్మని కబురొచ్చింది. ఈసారి సంచిలో ఉత్తర్వుతో పాటు వచ్చిన ఫారం కూడా పెట్టుకెళ్ళాను. తెరిచిపెట్టే ప్రతి పుస్తకానికీ ఆ ఫారం నింపాలి. ఎవరి చెయ్యి పడిందో వాళ్ళందరి పేర్లూ, ఎదురుగా ఎవరు చేసిన పనేమిటో, చివర ఒప్పుకున్నట్టు సంతకాలు. రచయిత దగ్గర నా పేరు రాసుకున్నాను. రెండో వరసలో మిరసోల్ పేరు రాసి, పని దగ్గర చాలాసేపు ఆలోచించి, "ప్రతిని భద్రపరిచినవారు" అని రాశాను. మాట గౌరవంగా ఉందని నాకు నేనే తృప్తిపడ్డాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కిన అడుసును కడగడం మాని, దాని మీద అత్తరు చల్లుతున్నాను.

ముసలామె మిషను దగ్గర లేదు. పెరట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. మిరసోల్ నా భుజం దగ్గర గుండుసూదులు పెడుతూ తనే మొదలుపెట్టింది.

"మేడమ్, మీరు గౌను కోసం రాలేదు. కాలేజీ ప్రకటన నేనూ చూశాను."

సంచిలోంచి ఫారం తీసి ఇచ్చాను. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని నిదానంగా చదివింది. తర్వాత సూదులు తీసి గిన్నెలో వేసింది.

"భద్రపరచలేదు మేడమ్. మీరు తీసుకోలేదు. అంతే."

గొంతు పెంచలేదు. అచ్చుతప్పు చూపించినట్టు చూపించింది.

"తప్పు చేశాను మిరసోల్. రిటైర్మెంటు సభలో అందరి ముందూ చెబుతాను. మీ అమ్మకు కూడా..."

"అమ్మకు చెప్పకండి." ఇప్పుడు మాత్రం గొంతు గట్టిపడింది. "యూనిఫారాల సీజన్‌లో మూడు రోజులు పని పక్కన పెట్టి చిల్లులు వేసింది మా అమ్మ. కాగితం మీద నడిపితే సూది మొండిబారుతుంది, రెండు సూదులు పాడయ్యాయి. ఆ సాయంత్రం నేను గుమ్మంలో అడుగు పెట్టగానే, మేడమ్ ఏమంది, చూసిందా, బాగున్నాయందా అని అడిగింది. ఏం చెప్పమంటారు? నోటికొచ్చింది చెప్పాను. చదువు మానేసింది కూడా నాన్న పడవ పాడైంది, పని చేయాలి అనే చెప్పాను. ఇన్నేళ్ళూ ఆమెకున్న సంతోషం అదొక్కటే. మీ మనసు తేలిక చేసుకోవడానికి మా అమ్మ మనసు బరువు చేయకండి మేడమ్."

అలాగే అన్నాను. మాటిచ్చాను.

ఆమె మిషను సొరుగు లాగి, నూనెగుడ్డలో చుట్టిన కట్ట తీసింది. తుఫాను రోజున కొండ మీది బడికి పరుగెత్తేటప్పుడు మిషను తల విప్పి భుజాన వేసుకుందట, సొరుగు చంకలో పెట్టుకుందట. విప్పి నా ముందు పెట్టింది. నీలం సిరా కాస్త వెలిసింది, అంతే. అట్ట మీద ఆ వాక్యం అలాగే ఉంది, నకలు తీయడం నేరమని.

"ఒక్కటడుగుతాను మేడమ్. పద్నాలుగు పేజీలూ నింపాను. అవి దిద్దిపెట్టండి."

"పద్నాలుగూనా? నేను మొదటిదే తీసుకోలేదు కదా!"

"మిగతావి ఇంట్లో చేశాను. ఏమో, తర్వాతెప్పుడైనా తీసుకుంటారేమోనని."

నాలుగో పాఠం దగ్గర తెరిచాను. ఏడు పడవల లెక్క. ఒక రోజు పట్టిన చేపలు కిలోల్లో నాలుగు, అయిదు, అయిదు, ఆరు, ఏడు, తొంభై, తొమ్మిది. సరాసరి ఎంత? పద్దెనిమిది. నా పుస్తకంలో జవాబు అదే, తొమ్మిదేళ్ళు అదే అచ్చేశాను. ఆమె కూడా పద్దెనిమిదే రాసింది. పక్కన పెన్సిలుతో చిన్న అక్షరాల్లో ఇంకొంత రాసి ఉంది. "మేడమ్, పద్దెనిమిది కిలోలు పట్టినవాడు ఈ ఏడుగురిలో ఒక్కడూ లేడు. ఆరో పడవ, రాత్రి వెలుతురుతో చేపల్ని గుంపులుగా రప్పించే పెద్ద దీపాల పడవ అయ్యుంటుంది. దాన్ని మా నాన్న పడవతో కలిపి సరాసరి తీస్తే కాగితం మీద మేమంతా ఉన్నవాళ్ళమైపోతాం. ఇక్కడ నడిమి అంకె అడగాలేమో. అది ఆరు."

ముప్పయ్యేళ్ళు రేవు పక్కన పాఠం చెప్పి, దీపాల పడవను చేతి వల పడవతో కలిపి సరాసరి తీయించాను నేను. ఎన్ని వందలమంది పడవల వాళ్ళ పిల్లలు ఆ లెక్క చేసి, నోరు మూసుకుని పద్దెనిమిది రాసి చింపి ఇచ్చారో. చెప్పగలిగిన ఒక్క పిల్ల పుస్తకాన్ని నేను చిల్లులు తడిమి వెనక్కిచ్చేశాను. చదవనేలేదు.

"ఏం పేజీలే అవి, చప్పుడవుతున్నాయి?" పెరటి తలుపు దగ్గర ముసలామె. చేతులు తుడుచుకుంటూ, గోడ పట్టుకుని వచ్చి తన కుర్చీలో కూర్చుంది. "నా చిల్లుల పుస్తకమేనా? ఇటియ్యి, చూడనీ."

మిరసోల్ మొహం పాలిపోయింది. ఇవ్వక తప్పలేదు. ముసలామె పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో చిల్లుల గీత వెంట పైనుంచి కిందికి నెమ్మదిగా రాసింది. ఒక పేజీ. ఇంకో పేజీ. ఒక్కటీ చింపలేదు. పద్నాలుగూ ఉన్నాయి.

"అది రెండో కాపీ అమ్మా. మేడమ్‌కి ఇచ్చింది వేరే" అంది మిరసోల్ గబగబా.

"ఊరుకోవే. నా మిషను సొరుగులో దాచి నాకే కథలు చెబుతావా? అప్పటికి నాకు రెండు కళ్ళూ శుభ్రంగా కనబడేవి." పుస్తకం మూయలేదు ఆమె. "మెచ్చుకున్న పుస్తకమైతే ఇంట్లో ఎందుకుంటుంది? అయినా మళ్ళీ ఏడాది కాలేజీలో చేరి, చిల్లులకు సూదులు కొనమని అడుగుతావేమోనని చూశాను. నువ్వు సూది మాటే ఎత్తలేదు. అప్పుడే తెలిసింది నాకు. నువ్వు నా కోసం అబద్ధమాడావు, నేను నీ కోసం నమ్మాను. సరిపోయిందిలే."

తర్వాత ఆ తెల్లటి కళ్ళు నా వైపు తిరిగాయి. "మొన్న మిమ్మల్ని అంతగా పొగిడాను కదా మేడమ్. అవునమ్మా అన్నారు. ఆ పొగడ్త ఎలా దిగింది? సుమన్‌తో పాటే దిగిందా?"

అప్పటికైనా నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. తేలు కుట్టిన దొంగలా పడి ఉండాల్సింది. కానీ నాలో ఏదో తెగిపోయింది. ఇక చెప్పేసి బయటపడదామనిపించింది.

"తీసుకోలేదమ్మా. తప్పు నాది. పేజీ కిటికీకి ఎత్తి పట్టి నవ్వాను. సబులావ్ గారి అచ్చాఫీసు అన్నాను. క్లాసంతా పడీపడీ నవ్వేలా చేశాను."

ముసలామె వేలు చిల్లుల మీద ఆగిపోయింది.

"నవ్వారా?" అంది. "అది నాకు తెలియదు."

మిరసోల్ నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. మాటిచ్చి పావుగంట కాలేదు. పుస్తకం తీసుకోలేదని తల్లికి తెలుసు, నవ్వామని తెలియదు. ఆ ముల్లు ఇన్నేళ్ళూ కూతురు ఒక్కతే గుండెలో పెట్టుకుని దాచింది. నేను వచ్చి, నా మనసు తేలిక చేసుకోవడానికి, దాన్ని తీసి తల్లికి గుచ్చాను. భూమి చీలిపోతే దూరిపోదును. గౌను భుజానికి ఇంకా గుండుసూదులు ఉన్నాయి, కదిలితే గుచ్చుకుంటున్నాయి. కదలలేదు.

బయట ఎండుచేపల బేరాలు వినబడుతున్నాయి. ముసలామె కాలు అలవాటుగా మిషను పెడలు మీదికి వెళ్ళి, తొక్కకుండా ఆగింది.

"ఇప్పుడు ఈ పుస్తకం ఏం చేస్తారు?" అని అడిగింది చివరికి.

"అందరికీ ఊరికే ఇచ్చేస్తామమ్మా. ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. ఎవరైనా రాసుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు. చిల్లులుండవు."

"మా పిల్ల చేసిందే కదా అది."

"అదే."

"దానికి మొట్టికాయలు వేసి, ఇప్పుడు ఉత్తర్వులేశారన్నమాట." ఆమె నవ్వలేదు. పుస్తకం నా వైపు చాపింది. "సరే, చింపండి."

"అమ్మా, వద్దు. ఇలాగే ఫొటో తీయించుకుంటాను."

"చింపడానికే కదా వేశాను? చింపండి మేడమ్. తెగుతాయో లేదో నాకూ తెలియాలి కదా."

మొదటి పేజీ పట్టుకున్నాను. చిల్లుల వెంట మెల్లిగా లాగాను. అచ్చాఫీసు పేజీలు ఏనాడూ తిన్నగా చిరిగేవి కావు, మూలల్లో పీలికలు లేచేవి, దానికి కూడా పిల్లల్నే తిట్టేదాన్ని. ఇది పై నుంచి కింద దాకా ఒకే తీరున, సన్నటి చప్పుడుతో విడిపోయింది. అంచు చెక్కుచెదరలేదు.

"ఎలా ఉన్నాయి?" అంది ముసలామె.

"బాగున్నాయమ్మా."

"గట్టిగా చెప్పండి. క్లాసంతా వినాలి."

"బాగున్నాయి!" అన్నాను. గొంతు పగిలిపోయింది, అరుపులా వచ్చింది. ఎండుచేపల కొట్టులో బేరమాడుతున్న ఇద్దరు తల తిప్పి, భుజం నిండా గుండుసూదులతో, చేతిలో చింపిన కాగితంతో ఏడుస్తున్న ముసలి మేడమ్‌ను చూశారు. వాళ్ళలో ఒకడు నవ్వాడు కూడా.

ఫారం తీసుకుని "ప్రతిని భద్రపరిచినవారు" అన్న మాటను కొట్టేశాను. మిరసోల్ సబులావ్ పేరుకెదురుగా "చేతిరాత ప్రతి, నాలుగో పాఠంలో తప్పు దిద్దుబాటు" అని రాశాను. కింద ఇంకో వరస గీసి ముసలామె పేరు అడిగాను. పసింగ్ అని చెప్పింది. ఆమె చేసిన పని దగ్గర "చిల్లులు" అని రాసి పైకి చదివాను. మనీలాలో ఈ మాట చూసి ఏమనుకుంటారో అనుకున్నాను గానీ కొట్టేయలేదు.

ముసలామె సంతకం పెట్టలేదు. "ఇప్పుడు కాదు, ఆలోచిస్తాను" అని మిషను వైపు తిరిగి కూర్చుంది. మిరసోల్ సంతకం పెట్టి, ఫారం నా చేతికిచ్చి, నా మొహం చూడకుండా మళ్ళీ గుండుసూదులు అందుకుంది.

"అటు తిరగండి మేడమ్. ఇంకో భుజం ఉంది."